షహనాజ్ ఆపా నన్ను ఒక్కదాన్నే పంపిన వీధులు

పాత చీరల మూట విప్పగానే ముందు కలరా ఉండల ఘాటు ముక్కుకు తగులుతుంది. అది కాస్త తగ్గాక, ఎన్నోసార్లు ఉతికి ఎండలో ఆరి మెత్తబడిన నూలు వాసన నెమ్మదిగా బయటికి వస్తుంది. మొన్న మా కుట్టు క్లాసులో కొత్తగా చేరిన అమ్మాయి వాళ్ళ నాయనమ్మ చీరలు తెచ్చి బల్లమీద విప్పింది. వాటితో పిల్లల గౌన్లు కుట్టడం నేర్చుకోవాలని ఆమె ఆశ. బోధన్ బస్టాండుకు దగ్గర్లో మేడమీద గది మాది. కింద ఆటోల మోత, ఎదురు హోటల్లో నూనె కాగే చప్పుడు. ఆ వాసన తగిలిన కాసేపు నాకు అవేవీ వినిపించలేదు. టోక్యోలో ఒక సన్నటి వీధి, వీధి పొడుగునా కొయ్యలకు వేలాడుతున్న పాత బట్టలు, వీధి మొదట్లో బెంచీ మీద కూచుని నన్ను ముందుకు పొమ్మని చెయ్యి ఊపుతున్న షహనాజ్ ఆపా గుర్తుకొచ్చింది. అమ్మాయి నన్ను రెండుసార్లు పిలిచిందట. ఈ జాకెట్టు గుడ్డ పనికొస్తుందా టీచర్ అని అడిగిందట.

ఆపా అంటే ఉర్దూలో అక్క. ఆమెను చూడనివాళ్ళకు ఆమె గురించి కొంత చెప్పాలి. నిజామాబాద్‌లో ఆమెకు కుట్టుమిషన్ల దుకాణం ఉండేది. వాళ్ళది తరతరాలుగా ఆ ఊళ్ళోనే ఉన్న కుటుంబం. దుకాణం పెట్టింది భర్త. ఆయన పోయాక ఆపా నడిపింది. పొడుగాటి మనిషి, మెడలో తాడుకు వేలాడే కళ్ళద్దాలు, తలమీంచి జారినప్పుడల్లా సర్దుకునే బూడిదరంగు దుపట్టా. మిషను కొనడానికి మొగుడూ పెళ్ళాం వస్తే ఆపా మొగుడితో బేరం మాట్లాడేది కాదు. ముందు ఆడమనిషిని మిషను ముందు కూచోబెట్టి, కాళ్ళు అందుతున్నాయా, చూపు ఆనుతోందా అని అడిగేది. ఆ మనిషి సిగ్గుపడుతూ చక్రం తిప్పి, నాలుగు కుట్లు పడ్డాక నవ్వితే, అప్పుడు ధర చెప్పేది.

నేను ఆ దుకాణంలో పనికి చేరేనాటికి నా కాపురం ముగిసిపోయింది. మాది బోధన్ పక్కన ఒక క్యాంపు. కాలువ నీళ్ళకోసం కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న మా తాతల ఊళ్ళను ఇక్కడ క్యాంపులనే అంటారు. భర్త ఇంకొకరితో ఇల్లు పెట్టుకున్నాక నేను నాన్నగారింటికి వచ్చేశాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అనకుండా ఉండటానికి అందరూ పడే పాట్లు చూడలేక ఇంట్లో కూడా గోడవారగా నడిచేదాన్ని. రంగు చీరలు పెట్టెలో పెట్టేశాను. పొద్దున బస్సు, పగలంతా దుకాణం, సాయంత్రం మళ్ళీ బస్సు. మూతపడిన చక్కెర ఫ్యాక్టరీ గోడ కిటికీలోంచి కనిపించగానే ఇల్లొచ్చిందని లేచి నిలబడటం నాకు అలవాటు.

చేరిన కొత్తల్లో ఒకరోజు ఆపా నన్ను బజారు ఆ చివరనున్న దుకాణం నుంచి దారపు ఉండలు తెమ్మని పంపింది. నేను పరుగులాంటి నడకతో పోయి వచ్చేశాను. ఆపా కళ్ళద్దాలు పైకి తీసి చూసింది.

"గింత జల్ది ఎట్లొచ్చినవ్? బజార్ల ఏం సూసినవ్?"

ఏమీ చూడలేదు, దారం తెచ్చానని చెప్పాను.

"గంత పెద్ద బజారు పొంటి పోయి ఏం సూడలేదా," అంది ఆపా. ఆ గొంతులో కోపం లేదు. ఎవరైనా అన్నం తినలేదని తెలిస్తే మనకు ఎలా అనిపిస్తుందో అలా అనిపించినట్టుంది ఆమెకు. ఆ తర్వాత నన్ను బయటికి పంపినప్పుడల్లా, వచ్చేటప్పుడు ఒక్కటన్నా చూసి వచ్చి చెప్పాలనే షరతు పెట్టింది. నేను దేవుడికి దండం పెట్టుకున్నట్టు ఏదో ఒకటి చూసి, వచ్చి అప్పజెప్పేదాన్ని: కొత్తగా రంగువేసిన తలుపు, మరాఠీలో బేరమాడుతున్న ఒక ముసలమ్మ, మార్కెట్ యార్డుకు పోతున్న బండి నుంచి రోడ్డంతా రాలిన పసుపు కొమ్ములు.

ఒక ఏడాది మిషన్ల అమ్మకాలు బాగా జరిగాయని కంపెనీవాళ్ళు డీలర్లను జపాన్ తీసుకుపోతామన్నారు. ఒక్కో డీలరుకు ఇద్దరు పోవచ్చు. సాధారణంగా భార్యాభర్తలు పోతారు. ఆపాకు పిల్లల్లేరు, ఆమె మరిది తనే పోతాననుకుని బంధువులందరికీ చెప్పేసుకున్నాడు. ఆపా మాత్రం సుజాత వస్తదని చెప్పింది. సుజాత అంటే నేను. అది విని నేనే ముందు వద్దన్నాను. నా మాటకు జవాబివ్వకుండా, తర్వాతి ఆదివారం ఆపా బస్సెక్కి మా క్యాంపుకు వచ్చింది.

మా వరండాలో కుర్చీ వేస్తే కూచోకుండా మంచం మీద అమ్మ పక్కన కూచుంది. నాన్నగారు ఆమెను ఎంతో మర్యాదగా పలకరించారు, మజ్జిగ తెప్పించారు. కానీ పంపనన్నారు. దూరదేశమని, ఇప్పటికే ఊళ్ళో నలుగురూ నాలుగు రకాలుగా అంటున్నారని, పిల్ల జీవితం ఒకసారి చెదిరిందని, ఇంకేమన్నా జరిగితే తట్టుకోలేమని చెప్పుకొచ్చారు. ఆపా అన్నిటికీ ఓపికగా తల ఊపుతూ విన్నది. చివరికి నాన్నగారు మాట జారారు.

"మీకు పిల్లలు లేరు కదండీ. కన్నవాళ్ళ భయం మీకు తెలియదు."

అమ్మ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. నేను గుమ్మంలో నిలబడి నేలకేసి చూస్తున్నాను. ఆపా దుపట్టా సర్దుకుంది.

"లేరన్నా," అంది. "గందుకే మీ బిడ్డను అడగొచ్చిన."

నాన్నగారు కండువాతో ముఖం తుడుచుకుని, పశువులకు నీళ్ళు పెట్టాలంటూ లేచి దొడ్లోకి వెళ్ళారు. అమ్మ మాత్రం ఆపా చెయ్యి పట్టుకుని, అక్కడ చలెక్కువటగా, పిల్లకు ఏం సర్దాలి అని అడిగింది. మా ఇంట్లో అలాంటి పెద్ద విషయం అమ్మ నోటినుంచి తేలడం నాకు తెలిసి అదే మొదలు.

ఆ ప్రయాణంలో ఎక్కువ రోజులు మేము కంపెనీ వేసిన బస్సులోనే తిరిగాం. గుళ్ళు చూశాం, ఫ్యాక్టరీ చూశాం, కొండ కనిపిస్తుందన్న చోట మబ్బు చూశాం. నవంబరు నెల. హోటలు ముందు రోడ్డు పక్క చెట్ల ఆకులు పసుపుపచ్చగా పండి, రాలినవి కాలిబాట మీద పరుచుకుంటే, మన మార్కెట్ యార్డులో పసుపు ఆరబోసినట్టు ఉంది. ఆపా ఒక ఆకు తీసి వాసన చూసి, పసుపు కాదు అంటూ జేబులో పెట్టుకుంది. రోజూ హోటలు గదిలో నమాజు చేసుకుని, ఇంటినుంచి తెచ్చుకున్న రొట్టె, మా అమ్మ కట్టిచ్చిన ఆవకాయతో తినేది. పెద్ద చదువుకు హిందీ తీసుకున్న ఒక జపాను అమ్మాయి మాకు గైడు. ఆమె హిందీ, ఆపా ఉర్దూ ఎక్కడో మధ్యలో కలుసుకునేవి.

ఆఖరి రోజు ఎవరి ఇష్టం వాళ్ళదన్నారు. తక్కిన డీలర్లంతా ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే పేటకు పోదామని లెక్కలు వేసుకుంటున్నారు. ఆపా గైడును పక్కకు పిలిచి, పనేమీ లేని రోజు మీ ఆడపిల్లలు ఎక్కడికి పోతరని అడిగింది. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి నవ్వింది. షిమోకితజావా అని ఒక పేట పేరు చెప్పింది. చిన్న చిన్న వీధులు, పాత బట్టల దుకాణాలు, పాటలు, కాఫీలు, చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు, కానీ తనకు చాలా ఇష్టమని చెప్పింది. మమ్మల్ని రైలెక్కించి, దిగాల్సిన చోటు ఆపా ఫోనులో పెట్టి ఇచ్చింది.

స్టేషను బయటికి రాగానే నాకు ఏదో మన గల్లీలోకి వచ్చినట్టే అనిపించింది. అంత పెద్ద నగరంలో అంత సన్నటి దారులు. కార్లు దాదాపు లేవు. దుకాణాలవాళ్ళు బట్టల స్టాండ్లు వీధిలోకే లాగి పెట్టారు. నీలం ప్యాంట్లు, పూల గౌన్లు, సిపాయి కోట్లు, ఎవరివో, ఏ దేశానివో. వీపుకు గిటార్లు తగిలించుకున్న పిల్లలు, ఆకుపచ్చ జుట్టు ఆడపిల్ల, కుక్కను బుట్టలో పెట్టుకుని సైకిలు తొక్కుతున్న పెద్దాయన. ఒక మూలనుంచి కాఫీ గింజలు వేగుతున్న వాసన, ఇంకో మూలనుంచి కూర ఉడుకుతున్న వాసన. గింత దూరమొచ్చి మల్ల కూర వాసనేనా అంటూ ఆపా ముక్కు ఎగబీల్చి నవ్వింది. అక్కడున్న ఒక బెంచీ మీద కూచుని, కాళ్ళు చాపుకుంది.

"నువ్వు పో. తిరిగి రా," అంది.

మీరు రారా అని అడిగాను.

"నేనొస్తే నువ్వు నా ఎనకనే నడుస్తవ్. నేను ఏది సూస్తే గదే సూస్తవ్. ఒక్కదానివే పో బేటా. ఎండ దిగినంక ఈడికే రా."

నాకు భాష రాదు, నా దగ్గర అక్కడ పనిచేసే ఫోను లేదు. మొదటి మలుపుదాకా పోయి, హోటలు కార్డు ఉందో లేదో చూసుకునే మిషమీద వెనక్కి వచ్చాను. ఆపా అసలు నా ముఖంకేసి చూడకుండా చెయ్యి ఊపింది. మళ్ళీ పోయాను.

మొదట్లో ఏమీ కనిపించలేదు. దారం తేవడానికి పంపినప్పుడు నడిచినట్టే తల దించుకుని నడిచాను. తర్వాత, తేవాల్సింది ఏమీ లేదని గుర్తొచ్చింది. ఎండ దిగేదాకా నాకోసం ఎవరూ ఎదురుచూడరు, ఎవరికీ ఆలస్యం కావడం లేదు. అప్పుడు నడక దానంతటదే నెమ్మదించింది. ఒక దుకాణం ముందు ఆగాను. లోపల నెరసిన జుట్టు, గుండ్రటి కళ్ళద్దాల పెద్దావిడ కూచుని ఉంది. స్టాండు మీద ముదురు ఎరుపు ఉన్ని కోటు ఒకటి వేలాడుతోంది. మోకాళ్ళ పైదాకా వస్తుంది, గుండీల్లో ఒకటి మాత్రం వేరే రంగు. లోపలి అస్తరు తిప్పి చూస్తే చంక కింద చినిగిన చోట ఎవరో చేత్తో సన్నటి కుట్లు వేశారు. పారేయడానికి మనసొప్పక బాగుచేసుకున్న కోటు అది. పెద్దావిడ లేచి వచ్చి, దాన్ని నా భుజాలమీద వేసి, అద్దం ముందుకు నడిపించింది.

నిలువుటద్దంలో నన్ను నేను చూసుకుని ఎన్నాళ్ళయిందో. ఆపా దుకాణంలో అద్దం ఉంది, కానీ అది కొనేవాళ్ళ కోసం. లేత రంగు చీర, దానిమీద ఆ ఎరుపు. ముఖం నాదే. అలసిపోయి ఉంది, కానీ నేను భయపడ్డంత పాడుగా లేదు. పెద్దావిడ నా వెనక నిలబడి కాలరు సర్ది ఏదో అంది. అర్థం కాకపోయినా తల ఊపాను. ఆ కోటు కొన్నాను. నిజామాబాద్ ఎండలకు ఉన్ని కోటు ఎందుకని ఒక్కసారి కూడా అనిపించలేదు.

ఆ తర్వాత నేను చేసిన పని చెబితే చాలామందికి నవ్వొస్తుంది. కాఫీ దుకాణంలోకి ఒక్కదాన్నే వెళ్ళి, కిటికీ దగ్గర ఒంటి కుర్చీలో కూచుని కాఫీ తాగాను. అప్పటిదాకా నా జీవితంలో ఏ హోటల్లోనూ ఒంటరిగా కూచోలేదు. బోధన్ బస్టాండులో గొంతు ఎండుకుపోతున్నా ఇంటికి పోయాకే నీళ్ళు తాగేదాన్ని. బొమ్మ మీద వేలు పెట్టి చూపిస్తే వాళ్ళు చేదు కాఫీ తెచ్చిచ్చారు. నా పక్కన ఇంకో ఆమె ఒంటరిగా పుస్తకం చదువుకుంటోంది. ఆమె నన్ను చూడలేదు. చేదంతా చివరిదాకా తాగాను.

బయటికి వచ్చాక దారి తప్పాను. వీధులన్నీ ఒకేలా ఉన్నాయి. వచ్చిన దారే అనుకున్నది కాదు. ఒక పూల దుకాణం ముందు భయంతో ఆగిపోయాను. నాన్నగారి ముఖం కళ్ళముందు కదిలింది. మన దగ్గర ఒక ఆడమనిషి రోడ్డుపక్క కాసేపు నిలబడితే చాలు, ఎవరికోసం, ఎక్కడికి, ఎవరింటి పిల్లవు అని అడుగుతారు. అక్కడ ఎవరూ అడగలేదు. ముందు అది మరింత భయం పుట్టించింది. ఆ తర్వాత, నేను ఎంతసేపు కావాలంటే అంతసేపు ఇక్కడ నిలబడవచ్చు కదా అనిపించింది. నిలబడ్డాను. పూలను చూశాను. భయం తగ్గాక చెవిన పడిన రైలు చప్పుడు వైపు నడిచాను.

బెంచీ దగ్గరికి వచ్చేసరికి ఆపా అక్కడ లేదు. ఒక కుర్రజంట కూచుని ఐస్‌క్రీం తింటున్నారు. చుట్టుపక్కల దుకాణాలన్నీ వెతికితే, సందులోపల గుండీలు అమ్మే చిన్న కొట్టులో కనిపించింది. సీసాల నిండా పాతకాలపు గుండీలు. కొట్టు ముసలాయన జపనీసులో, ఆపా ఉర్దూలో, ఒకరి మాట ఒకరు ఆపకుండా మాట్లాడుకుంటున్నారు. ఆపా దోసిట్లో రంగురంగుల గుండీలు. నన్ను చూసి ముందుగా ఊపిరి వదిలింది. ఆ తర్వాతే కోటు చూసింది.

"జర తిరుగు," అంది. తిరిగాను. చంక కింది కుట్టు వేలితో తడిమి, "పాణం పెట్టి కుట్టిండ్రు," అంది. ధర అడగలేదు.

కూర వాసన వస్తున్న హోటల్లో కూచుని కూరగాయల కూర, అన్నం తిన్నాం. ఆపా బల్ల కిందినుంచి దొంగతనంగా ఆవకాయ నంజుకుంది. తింటూ తింటూ, నాకు అంతకుముందు ఎన్నడూ చెప్పని సంగతి చెప్పింది.

"మా ఆయన పోయినంక మస్తు దినాలు గడప దాటలే. దాటితే దుకాణం, లేకుంటే దవాఖాన. ఒక వానకాలం పోచంపాడ్ డ్యాం గేట్లు ఎత్తిండ్రని అందరు పోతుండ్రు. నాకూ సూడబుద్ధయింది. ఎవరినీ అడగలే. బురఖా ఏసుకొని బస్సెక్కిన."

తర్వాత ఏమైందని అడిగాను.

"నీళ్ళు సూసుకుంట నిలవడ్డ. గా మోత ముంగట ఏడుపు రాలే, ఆకలైంది. ఎన్నో దినాలకు ఆకలైంది బేటా. మిర్చీ బజ్జీలు కొనుక్కొని కడుపునిండ తిన్న. వాపస్ వచ్చేటప్పుడు అనుకున్న, దుకాణం అమ్మొద్దని."

ఆవకాయ డబ్బా మూత పెట్టి మళ్ళీ అంది. "ఇయ్యాల నువ్వు అటు పోంగనే నాకు భయమైంది. మీ బాపుకు ఏం జెప్పాలె అనుకున్న. అయినా పిలవలే."

మేము తిరిగి వచ్చాక నాన్నగారు కోటు చూసి, దీన్ని ఎప్పుడు వేసుకుంటావమ్మా అన్నారు. ఆ డిసెంబరులో ఒకరోజు తెల్లవారుజామున నేను లేచేసరికి అమ్మ దాన్ని తొడుక్కుని పాలు పిండుతోంది. నాన్నగారు కాలువ గట్టు మీంచి చూసి, నీకు బాగానే ఉందే అన్నారట. ఆ మాట అమ్మ నాకు చాలా రోజులు చెప్పింది. నేను పెట్టెలోంచి రంగు చీరలు బయటికి తీశాను. తర్వాత బోధన్‌లో గది తీసుకుని, అక్కడే ఉంటూ క్లాసు పెట్టాను. మొదటి మిషన్లు ఆపానే ఆటోలో ఎక్కించుకుని వచ్చి, వాటి ముందు ఒక్కో కుర్చీలో తనే కూచుని కాళ్ళు అందుతున్నాయో లేదో చూసింది.

కొన్నేళ్ళకు ఆపాకు గుండె జబ్బు ముదిరింది. మెట్లు దిగలేకపోయింది. దుకాణం మరిది చేతికి పోయింది. ఆపా ఖిల్లా వైపున్న తన ఇంట్లో కిటికీ పక్కన మంచం వేయించుకుంది. నేను ప్రతి ఆదివారం వెళ్ళేదాన్ని. పళ్ళు తెస్తే పక్కన పెట్టించి, ఇయ్యాల ఏడ తిరిగినవో చెప్పమనేది. ఆపా కోసమే నేను తిరగడం మొదలుపెట్టాను. ఎడపల్లి, వర్ని, మోస్రా, నిజామాబాద్‌లోనే నాకు తెలియని గల్లీలు. వచ్చి చెప్పేదాన్ని. గల్లీ చివర ఏముందని అడిగితే, చూడలేదని చెప్పడానికి వీల్లేదు. వచ్చే వారం మళ్ళీ పోవాలి. అక్కడ ఎత్తు అరుగుల ఇల్లుందని, అరుగుమీద ఒకామె అటుకులు చెరుగుతోందని చెబితే, ఆమె నీతోని మాట్లాడిందా అని అడిగేది.

చివరి ఆదివారం నేను ఒక చెరకు తోట గురించి చెప్పాను. ఫ్యాక్టరీ మూతపడ్డాక మా దిక్కు చెరకు వేసేవాళ్ళు తగ్గారు. వరి పొలాల మధ్య అదొక్కటే నిలబడి, తెల్లగా పూతపూసి గాలికి ఊగుతోంది. గట్టుమీద ఎవరూ లేరు, నేను చాలాసేపు కూచున్నానని చెప్పాను. ఆపా కళ్ళు మూసుకుని వింటోంది. నిద్రపోయిందనుకుని ఆగాను.

"ఇంక జర చెప్పు," అంది.

పూత ఎంత ఎత్తుందో, గాలికి ఎటు వాలుతోందో, పిట్టలు ఎలా వాలి లేస్తున్నాయో చెప్పాను. కాలువ నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో చెప్పాను. చూసినవన్నీ అయిపోయాక, చూడనివి కల్పించకుండా ఆమె చెయ్యి పట్టుకుని కూచున్నాను. ఆ వారంలోనే ఆపా పోయింది.

తర్వాత వచ్చిన ఆదివారాలు నేను ఇంట్లోనే ఉన్నాను. చెప్పుకోవడానికి మనిషి లేనప్పుడు పోయి చూడటమెందుకు అనిపించింది. ఆపా కోసం తిరుగుతున్నాననుకున్నాను కాబట్టి, ఆమెతోనే అది అయిపోయిందనుకున్నాను. కానీ ఒక ఆదివారం పొద్దున, కిటికీలోంచి వాన వెలిసిన వీధి చూస్తూ చూస్తూ, చెప్పులు వేసుకుని కిందికి దిగాను. ఎవరికీ చెప్పనక్కర్లేదని తెలిసీ దిగాను. ఆ రోజు చూసినవి నాలోనే ఉంచుకున్నాను. అవి అక్కడ బాగానే ఉన్నాయి.

పోయిన నెల వర్ని వైపు పోయే బస్సులో నా పక్కన నా వయసు ఆవిడే కూచుంది. ఇప్పుడు ఆడవాళ్ళకు టికెట్టు డబ్బుల్లేవు కాబట్టి బస్సు నిండా మేమే. ఆమె ఒళ్ళో ఆసుపత్రి మందుల సంచీ పెట్టుకుంది. ఏడికక్కా, ఎవరున్నరక్కడ అని అడిగింది. ఎవరూ లేరని, పని కూడా ఏమీ లేదని, ఊరికే పోతున్నానని చెప్పాను. జాలిగా చూసింది. నాకు ఇంట్లో ఏదో జరిగిందనుకున్నట్టుంది. కొంతదూరం పోయాక మళ్ళీ నావైపు తిరిగింది.

"ఒక్కదానివే పోతే మంచిగుంటదా?"

"మొదట్లో భయమేస్తది," అన్నాను. "కొంచెం సేపు నిలబడితే తగ్గుతది. తర్వాత బాగుంటది."

ఆమె ఊరొచ్చింది, సంచీ సర్దుకుని దిగింది. బస్సు కదిలాక చూస్తే, ఇంటి దారి పట్టకుండా రోడ్డు పక్కనే నిలబడి, బస్సు పోతున్న దిక్కు చూస్తోంది.